తలుపు వెనక అభ్యర్థి

ప్రచారం ముగిసిన సాయంత్రం దేవుడమ్మ సుగంధి ఇంటికి వచ్చి, రమ్మన్నా లోపలికి రాకుండా, గుమ్మంలోనే నిలబడి ఒక మాట అడిగింది. పోయినవారం అక్కడ ఆగాం. ఆమె అడిగిన మాట ఇది:

"రేపు పొద్దున్న మనోలందరూ ఓటుకి బయలెల్తారు. మజ్జాన్నం దాకా నువ్వు ఈదిలోకి రాకు సెల్లీ. ఎవులికీ ఎదురవ్వకు."

మొగుడు పోయిన ఆడది ఎదురొస్తే తలపెట్టిన పని చెడుతుందన్న మాట ఆమె నోటితో అనలేదు. అనవలసిన అవసరం కూడా లేదు. సుగంధి "అలగే అప్పా" అంది. కాపురానికి వచ్చిన నాటి నుంచి తోటికోడలిని ఆమె అప్పా అనే పిలుస్తుంది.

మరి వాళ్ళు తలపెట్టిన పని ఏమిటి? సుగంధికి ఓటు వేయడమే. ఈపోలో ఉండే రాష్ట్ర శాసనసభకు జరిగే తెలుక్ నీపా సీటు ఉప ఎన్నికలో తాళంచెవి గుర్తు మీద నిలబడిన స్వతంత్ర అభ్యర్థి ఆమె. పెద్ద పార్టీ మనిషి తంగరాజుకూ ఆమెకూ మధ్య పోటీ గట్టిగా ఉందని హుటాన్ మెలింటాంగ్ ఊరి చేపల మార్కెట్లో కూడా చెప్పుకుంటున్నారు. పోయినసారి ఈ సీటు ఒక బస్సులో పట్టేంతమంది ఓట్లతో తేలింది. ఈసారి అంతకన్నా దగ్గరగా తేలుతుందంటున్నారు.

ఆమె నిలబడింది గట్టు కోసం. బెర్నాం నదికి పోటు వచ్చినప్పుడల్లా గట్టు తెగి, ఉప్పునీళ్ళు ఈ కాలనీ ఇళ్ళలోకి వస్తాయి. ఎస్టేటులో కూలీల వరస ఇళ్ళు, లైన్లు, ఖాళీ చేయించినప్పుడు తెచ్చి ఇక్కడ పెట్టిన తెలుగువాళ్ళ ఇళ్ళవి. ఆమె భర్త వీరాస్వామి ఒక పోటు రోజున తెగిన చోట ఇసుక బస్తాలు వేస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు, మళ్ళీ లేవలేదు. తర్వాత అందరూ వచ్చి గట్టు కడతామన్నారు. ఎవరూ కట్టలేదు.

అప్పటి నుంచి సుగంధి తలుపు వెనక నిలబడడం నేర్చుకుంది. నేర్చుకుందనడం కూడా తప్పే. ఎవరూ చెప్పలేదు. పొద్దున్నే పక్కింటి మోటారుసైకిలు చప్పుడైతే ఆమె కాళ్ళు వాటంతటవే వెనక్కి వేస్తాయి. దేవుడమ్మ మనవరాలు పరీక్షకు బయల్దేరిన రోజున దొడ్డివైపు వెళ్ళి ఖాళీ బకెట్లు కడిగింది. ప్రచారంలో కూడా మధ్యాహ్నం దాటాకే ఇళ్ళకు వెళ్ళేది. అది ఏదో ఎత్తు అనుకున్నాడు ఆమె ఎన్నికల ఏజెంటు విమలన్. "మంచి ప్లాన్ ఆంటీ, అందరూ తిని ఉంటారు, మాట వింటారు" అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది.

అలాగే ఓటింగు రోజు పొద్దున్న కూడా ఊరుకుంది.

తెల్లవారకముందే స్నానం చేసి నీలం చీర కట్టుకుంది. అన్నం వండింది. ఉప్పుచేప వేయించింది. తినబుద్ధి కాలేదు. కిటికీ గాజుపలకలు కొంచెం వంచి, సందులోంచి వీధిలోకి చూస్తూ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. పెద్దవాళ్ళను ఓటింగు జరిగే స్కూలుకు తీసుకెళ్ళే వేను వచ్చింది. అక్కడ వయసును బట్టి గదులు. ముసలివాళ్ళందరిదీ ఒకటో గది, వాళ్ళు ఎండ ఎక్కకముందే వేసి వచ్చేస్తారు. దేవుడమ్మ భర్త, బావ సన్యాసి, తెల్లచొక్కా వేసుకుని డ్రైవరు పక్కన ఎక్కాడు. వెనకాల దేవుడమ్మ ఎక్కింది. ఎక్కుతూ ఇటు చూసింది. సుగంధి గాజుపలకలు మూసేసింది.

తనకు ఓటు వేయడానికి వెళ్తున్నవాళ్ళకు తన ముఖం కనబడకూడదని ఇంట్లో దాక్కోవడం ఎంత వింతో ఆమెకు అప్పుడు తట్టలేదు. మనసులో ఒకటే ఉంది. వాళ్ళ పని మంచిగా జరగాలి.

విమలన్ ఫోన్ చేశాడు. స్కూలు నుంచి మాట్లాడుతున్నాడు, వెనకాల గోలగా ఉంది.

"ఆంటీ, ఎక్కడున్నారు? తంగరాజు రెండు స్కూళ్ళూ తిరిగేశాడు. మిమ్మల్ని అందరూ అడుగుతున్నారు."

"మజ్జాన్నం వస్తాను బాబూ."

"మధ్యాహ్నమా? ఒంట్లో బాగోలేదా?"

ఏమని చెప్పాలి? లాయరు ఆఫీసులో పనిచేసే కుర్రాడు. తెలుగు అర్థమవుతుంది, సగం సగం మాట్లాడతాడు. ఈ సంగతి ఏ భాషలో చెప్పినా అతనికి అర్థం కాదు. "ఊఁ" అంది సుగంధి.

ఆ తర్వాత వేను తిరిగొచ్చింది. మనుషులు దిగారు. ఎవరైనా వచ్చి తలుపు కొడతారని, "ఏసేసినాం అమ్మా" అని చెబుతారని ఆమె లేచి నిలబడింది. ఎవరూ రాలేదు. ఎవరి ఇళ్ళలోకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఒక నవ్వు కూడా వినిపించలేదు.

ఆమె మళ్ళీ కూర్చుంది.

ఎండ నెత్తికెక్కుతుండగా గుమ్మం దగ్గర చప్పుడైతే సుగంధి తలుపు తీసింది. వెనకింటి తమిళరసి. చేపల ఫ్యాక్టరీ యూనిఫాంలో ఉంది, ఎడమచేతి చూపుడువేలికి సిరా ఉంది. సుగంధిని చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఐయో అక్కా! నువ్వు ఇంట్లోనేనా?"

"ఇంట్లో కాక ఇంకెక్కడుంటాను?"

"కతవు... తలుపు మూసి ఉంది, లైటు లేదు. నీ పిల్లికి కొంచెం అన్నం పెడదామని వచ్చినా. నువ్వు ఈపో వెళ్ళిపోయినావు అన్నారు!"

"ఎవులన్నారు?"

"అందరూ. స్కూల్ గేటు దగ్గర రెంగసామి అంకుల్ చెప్తా ఉన్నాడు. సుగంధి పోటీ నుంచి తప్పుకుంది, తంగరాజుకే వేయమని చెప్పి వెళ్ళిపోయింది, తాళంచెవికి వేస్తే ఓటు వేస్టు అని." తమిళరసి గొంతు తగ్గించింది. "నీ ఏజెంటు కుర్రోడు కాదు కాదు, ఒంట్లో బాగోలేదు అన్నాడు. అందరూ నవ్వినారు. ఓటు రోజునే జ్వరమా అని."

"నువ్వు నమ్మినావా?"

తమిళరసి సిరా వేలిని మడుచుకుంది. "నేను తాళంచెవికే వేసినా అక్కా. కోపంగా వేసినా. తప్పుకున్నా సరే, నీకే వేస్తా అని వేసినా."

సుగంధి చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి దిగింది.

రెంగసామి బయటివాడు కాదు. ఈ కాలనీ రామాలయం కమిటీలో సెక్రటరీ, పెద్ద పార్టీకి ఇక్కడి మనిషి. వీరాస్వామి శవాన్ని మోసినవాళ్ళలో అతనొకడు. దేవుడమ్మను వొదినా అంటాడు. రాముడి కల్యాణానికి మైకు పట్టుకునేదీ అతనే.

దేవుడమ్మ ఇంటి ముందు సన్యాసి పడకకుర్చీలో కూర్చుని ఉన్నాడు. మరదలిని చూడగానే కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఈపో నుంచి అప్పుడే వచ్చేసినావేటమ్మా?"

"నేను ఎక్కడికీ ఎల్లనేదు బావా."

"ఆఁ?"

"ఎల్లనేదు! తప్పుకోనేదు! ఇంట్లోనే ఉన్నాను!"

చెవులు సరిగా వినబడని మనిషి. అయినా ఈ మాట వినబడింది. తన వేలి సిరా వంక చూసుకున్నాడు. "మరి నేను... మేమందరం..." అని ఆగాడు. "తంగరాజు పేరు కాడ గీసేసినానే. నువ్వే సెప్పినావన్నాడు కదా అని గీసినాను. వేనులో అందరం అలగే గీసినాం."

సుగంధి ఆయనను దాటి లోపలికి వెళ్ళింది. దేవుడమ్మ వంటింట్లో రొయ్యపొట్టు వేయిస్తోంది. వెనక్కి తిరగలేదు.

"మజ్జాన్నం అవనేదు ఇంకా" అంది.

"అప్పా, నన్ను రావద్దని నీకు ఎవులు సెప్పమన్నారు?"

"ఎవులో సెప్పాలా? నాకు తెల్దా?"

"రెంగసామి సెప్పినాడా?"

దేవుడమ్మ గరిట ఆగింది. "మొన్న వచ్చి కూకున్నాడు. టీ తాగినాడు. సుగంధి మంచిదే వొదినా, గెలవాలనే నాకూ ఉంది, పార్టీ వేరు మనిషి వేరు అన్నాడు. కానీ పొద్దున్నే దాని ముఖం సూసి మనోలు బయలెల్తే ముసిలోళ్ళ మనసు ఎనక్కి పోతాది, పాపం, నువ్వే ఓ మాట సెప్పు అన్నాడు. నీ మంచికే అనుకున్నాను."

"సరే. నన్ను ఇంట్లో కూకోబెట్టినాడు. ఇంట్లో కూకుంటే పారిపోయిందన్నాడు." సుగంధి పొయ్యి కట్టేసింది. రొయ్యపొట్టు మాడిపోతోంది. "ఆడి సంగతి ఒగ్గేయ్. ఆడు ఆ మాట గేటు కాడ సెప్పినప్పుడు నువ్వున్నావా లేదా?"

దేవుడమ్మ మాడిన పొట్టును గరిటతో ఒక పక్కకు తోసింది.

"ఉన్నావు. వేనులో ఎక్కుతా నా కిటికీ వంక సూసినావు. నేనింట్లో ఉన్నానని ఈ ఊరు మొత్తంలో నీకొక్కదానికే తెలుసు. ఒక్క మాట. ‘అది ఇంట్లోనే ఉన్నాది, నేనే ఉండమన్నాను’ అని ఒక్క మాట నీ నోటంట రానేదా అప్పా?"

"నేను తాళంచెవికే గీసినాను" అంది దేవుడమ్మ. "రాముడి తోడు."

"నీ ఓటు కాదు నేనడిగింది."

"మరేటి కావాల నీకు?" దేవుడమ్మ ఒక్కసారిగా తిరిగింది. ఆమె ముఖం ఎర్రగా ఉంది, పొయ్యి సెగ వల్ల కాదు. "సెప్పనేదు. సెప్పబుద్ధి కానేదు. నువ్వు నెగ్గితే ఈపో ఎలిపోతావు. అక్కడ సభంట, ఆఫీసంట, కారంట. ఈ లైనులో నాకు మాటాడ్డానికి ఎవులున్నారే? మా కోడలు తమిళం మాటాడతాది. పిల్లలు ఇంగ్లీషు. మనవరాలు నేనేటన్నా తల ఊపుతాది, మళ్ళీ ఫోను సూసుకుంటాది. మీ బావకి సెప్పాలంటే అరవాల, అరిసి సెప్పే మాటలా అయ్యి? సాయంత్రం పూట నువ్వొచ్చి ఈ మెట్టు మీద కూకుంటావు. ‘ఏటప్పా, ఏటొండినావు’ అంటావు. ఆ ఒక్క మాట కోసం నేను పొద్దున్నించి వండుతాను."

వీరాస్వామి పోయిన ఈ నాలుగేళ్ళూ తాను రోజూ సాయంత్రం వచ్చి కూర్చుంటే దేవుడమ్మ జాలిపడి భరిస్తోందనుకుంది సుగంధి. తనదే ఒంటరితనమనుకుంది. గోడకు అవతల ఇంకొకరు అదే సాయంత్రం కోసం చూస్తున్నారని ఎప్పుడూ అనుకోలేదు. తెలిసి ఉంటే ఎంత బాగుండేదో. ఇవాళే, ఇలాగే తెలియాలా?

కోపం పోలేదు. కానీ అది నిలబడ్డ చోటు మారింది.

"ఈపో ఎంత దూరం అప్పా" అంది చివరికి. "బస్సెక్కితే వచ్చేస్తాను."

"అందరూ అలగే అంటారు. ఎవులొచ్చినారు?"

బయట సన్యాసి ఎవరినో పిలిచి చెబుతున్నాడు. ‘తప్పుకోనేదంట, ఇంట్లోనే ఉన్నాదంట’ అని చెవిటివాళ్ళు అరిచినట్టు అరుస్తున్నాడు. ఎదురింటి నుంచి "ఓరి దేవుడా" అని ఎవరో అన్నారు. ఇప్పుడు తెలిసి ఏం లాభం? ఒకటో గది ఖాళీ. ముసలివాళ్ళ ఓట్లు పెట్టెలో పడిపోయాయి. వాళ్ళే ఆమె బలం. కుర్రాళ్ళకు గట్టు పట్టదు, వాళ్ళు పై ఊళ్ళకు ఫ్యాక్టరీ పనులకు పోతున్నారు.

సుగంధి గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఒక సందేహం వచ్చింది.

"అప్పా. నాకొక్కదానికే సెప్పినావా, ఎదురు రావద్దని?"

"నీకొక్కదానికే ఎందుకు సెప్తాను? ఆ రోజు మంచిగా అవ్వాలంటే మొగుడు పోయినోలందరికీ సెప్పాల కదా. విజయలెచ్చుమికి సెప్పినాను, ఆ వెనక లైనోళ్ళకి సెప్పినాను. మజ్జాన్నం దాకా తలుపు తీయొద్దన్నాను. రెంగసామే అన్నాడు, ఒక్కలు ఎదురైనా ఎదురే అని."

సుగంధి వెనక లైను వైపు చూసింది.

తలుపులు వేసుకుని కూర్చున్న వాళ్ళకు గేటు దగ్గర చెప్పిన అబద్ధం చేరి ఉండదు. పొద్దున వేను ఎక్కని వాళ్ళు ఇంకా ఓటు వేసి ఉండరు. ఈ కాలనీలో మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళు ఎంతమంది! తోటల్లో పురుగుమందు కొట్టే పనికి పోయిన మగవాళ్ళు ముందు పోయారు, ఆడవాళ్ళు మిగిలారు. ప్రతి లైనులోనూ ఉన్నారు. రెంగసామి వాళ్ళను లెక్కలోకే తీసుకోలేదనుకుంది సుగంధి. దారికి అడ్డం లేకపోతే చాలనుకుని ఉంటాడు.

ఆమె వీధిలోకి వచ్చింది. అప్పుడే ఎదురింటి కుర్రాడు సన్నజీన్సు ప్యాంటుతో మోటారుసైకిలు స్టార్ట్ చేస్తున్నాడు. ఆమె కాళ్ళు అలవాటుగా వెనక్కి పోబోయాయి. ఆమె ఆపుకుంది. ఎండలో, వీధి మధ్యలో, అతనికి ఎదురుగా నిలబడింది. అతను తల ఎత్తి "హాయ్ ఆంటీ" అని, హెల్మెట్ పెట్టుకుని పక్క నుంచి వెళ్ళిపోయాడు. అంతే. ఇంకేమీ జరగలేదు.

విజయలెచ్చుమి ఇంటి తలుపు కొట్టింది. కొట్టిన మొదటి దెబ్బకే తెరుచుకుంది. ముసలామె తలుపు వెనకే కూర్చుని ఉంది. తెల్లచీర మడతలు నలగకుండా కట్టుకుంది, కాళ్ళకు చెప్పులు వేసుకుంది.

"మజ్జాన్నం అయిపోనాదేటి?" అంది. "తెల్లారినప్పట్నించి కూకున్నాను. నడుం పట్టేసినాది."

"అయిపోనాది పిన్నీ. రా, ఎల్దాం."

"నువ్వు కూడా ఇంట్లోనే ఉన్నావేటి? నువ్వు నిలబడినదానివి కదే!"

"నేనూ ఇంట్లోనే ఉన్నాను."

విజయలెచ్చుమి పళ్ళు లేని నోటితో నవ్వింది. "ఎంత తెలివితక్కువోలం" అంది. ఆ నవ్వు వినే కాబోలు, పక్క తలుపు తెరుచుకుంది. దాని పక్కది. వెనక లైనులో తమిళరసి చెప్పినట్టుంది, అక్కడి నుంచి కూడా ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఒక్కొక్కరూ గుమ్మంలో ఆగి, వీధి అటూ ఇటూ చూసి, ఎవరికీ ఎదురు కావడం లేదని రూఢి చేసుకుని, అప్పుడు దిగారు. అందరూ తయారుగా ఉన్నారు. అందరూ పొద్దుటి నుంచి ఎవరికి వాళ్ళే కూర్చున్నారు. పక్క గోడ వెనక ఇంకొకరు అలాగే కూర్చున్నారని తెలియక.

"నీ మొగుడు పోయినప్పుడు కూడా ఇంతమందిమి కలవనేదే సుగంధీ" అంది ఒకామె. అందరూ నవ్వారు. సుగంధి కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత.

విమలన్‌కు ఫోన్ చేసి కారు పంపమంది. "ఎవరికి ఆంటీ?" అన్నాడు. "ఒకటో గదికి" అంది. అతను ఒక్క క్షణం ఆగి, "రెండు కార్లు పంపిస్తాను" అన్నాడు.

"ఐసీ కార్డులు పట్టుకోండి. ఆ గుర్తింపు కార్డు లేకపోతే లోపలికి రానివ్వరు" అంది సుగంధి.

నవ్వులు ఆగాయి. ఆడవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"మా దగ్గర నేవు కదా" అంది విజయలెచ్చుమి.

"నేకపోవడం ఏటి?"

"నిన్న సాయంత్రం పట్టుకెల్లినాది. ముసిలోలు, ఎక్కడో పెట్టి మర్సిపోతారు, నా దగ్గర భద్రంగా ఉంటాయి, రేపు నేనే ఇస్తాను అన్నాది. అందరివీ పోగేసినాది."

"ఎవులు?"

విజయలెచ్చుమి సుగంధి భుజం మీదుగా చూసింది. సుగంధి వెనక్కి తిరిగింది.

దేవుడమ్మ తన ఇంటి గుమ్మంలో నిలబడి ఉంది. రెండు చేతులతో కడుపుకు ఆనించి ఒక బిస్కెట్ల డబ్బా పట్టుకుంది.

"రెంగసామి సేసినాడా ఇది కూడా?" అని అడిగింది సుగంధి.

"ఆడే పోగెయ్యమన్నాడు" అంది దేవుడమ్మ. "సాయంత్రం ఓటింగు అయిపోయినాక ఇచ్చీమన్నాడు. నేను ఇప్పుడే ఇస్తాను. ఆడి మాట నాకెందుకు?"

"అయితే ఇచ్చీ అప్పా. కార్లు వచ్చేస్తాయి."

దేవుడమ్మ డబ్బాను ఇంకా గట్టిగా పట్టుకుంది.

"నెగ్గినా ఈపో ఎల్లను, ఈ లైను ఒగ్గి ఎక్కడికీ పోను అని రాముడి మీద ఒట్టెయ్. ఈలందరి ముందూ ఎయ్. నువ్వు ఒట్టు తప్పవు, నాకు తెలుసు. ఎయ్ సెల్లీ, ఇచ్చేస్తాను."

వీధి చివర మొదటి కారు మలుపు తిరిగింది. సుగంధి డబ్బా వంక చూసింది. సభకు వెళ్ళనని ఒట్టేసి, ఆ సభకే పంపమని వీళ్ళను ఎలా అడగాలి?

విజయలెచ్చుమి ఇద్దరి ముఖాలూ చూసింది. చెప్పులు విప్పి, పక్కన పెట్టుకుని, మళ్ళీ కాచుకోవడానికి మెల్లగా మెట్టు మీద కూర్చుంది.